బంటు వెనక్కి వెళ్తాడా?



కొన్నేళ్ల కిందట మా పెద్దమ్మ మోకాలి నొప్పికి చూపించుకుందామని ఊరి నుంచి వచ్చి మా ఇంట్లో పది రోజులుంది. సాయంత్రమయ్యేసరికి ఆమెకు తోచేది కాదు. సీరియళ్లంటే పడదు. అందులో ఆడవాళ్లు నగలు పెట్టుకునే నిద్రపోతారని ఆమె కోపం. ఒకరోజు నేను ఫ్రెంచి సినిమా డీవీడీ ఒకటి పెట్టుకుని చూస్తుంటే, వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది. బొమ్మలో మాటలు ఫ్రెంచి, కింద పరుగెత్తే అక్షరాలు ఇంగ్లీషు. ఆమెకు రెండూ రావు. తోలుబొమ్మలాటలో తెర వెనక నుంచి చెప్పేవాడిలా నేనే మధ్యమధ్య తెలుగులో అందిస్తూ వచ్చాను. ఓ గంట గడిచాక ఆమె నా చెయ్యి తట్టి ఆపింది. "అది సరేగానీ అబ్బాయ్, దొర వెనక్కి వెళ్తానంటే అర్థముంది. ఆ బంటు ఎందుకు వెళ్తాడ్రా?" అని అడిగింది.

ఆ ప్రశ్న చేతబట్టుకునే ఇవాళ ఆ సినిమా గురించి మాట్లాడతాను.

సినిమా పేరు 'లే విజితర్'. అంటే వచ్చిపోయేవాళ్లు, అతిథులు అనుకోవచ్చు. 1993 జనవరి 27న ఫ్రాన్సులో విడుదలైంది. దర్శకుడు జాన్-మరీ పొయిరే. కథ, మాటలు ఆయనా, నటుడు క్రిస్టియాన్ క్లావియే కలిసి రాసుకున్నారు. ఫ్రాన్సులో ఒక అలవాటుంది. సినిమా ఎంత ఆడిందో చెప్పడానికి వాళ్లు కోట్ల రూపాయల లెక్క చెప్పరు, టిక్కెట్ల లెక్క చెబుతారు. ఆ లెక్కన ఈ సినిమాకు తెగిన టిక్కెట్లు కోటీ ముప్పై ఏడు లక్షల పైచిలుకు. అప్పటికి ఆ దేశ జనాభా ఆరు కోట్లు కూడా లేదు. అదే ఏడు అమెరికా నుంచి 'జురాసిక్ పార్క్' వచ్చింది. ప్రపంచమంతా ఆ రాక్షస బల్లుల వెనకపడితే, ఫ్రాన్సులో మాత్రం వాటికి ఇందులో సగం టిక్కెట్లు కూడా తెగలేదు. ప్రపంచ వాణిజ్య చర్చల్లో హాలీవుడ్ వరద నుంచి తమ సినిమాను కాపాడుకోవాలని ఫ్రెంచివాళ్లు గట్టిగా పట్టుబడుతున్న కాలం కూడా అదే. గొప్ప కళాఖండమేదో వచ్చి తమ మానం నిలబెడుతుందని పెద్దలు ఎదురుచూస్తుంటే, స్నానం చెయ్యని ఇద్దరు మొరటు మనుషులు వచ్చి నిలబెట్టారు. కొందరు విమర్శకులు ముఖం చిట్లించుకున్నారు. జనం రెండోసారి, మూడోసారి చూశారు.

ఇక కథ. 1123వ సంవత్సరం. ఫ్రాన్సును ఆరో లూయీ ఏలుతున్నాడు. చరిత్రలో ఆయనకు లావు లూయీ అనే పేరు స్థిరపడిపోయింది. పాపం, అది బిరుదు కాదు, ఒళ్లు. మన వైపు నన్నయగారు భారతం మొదలుపెట్టి అప్పటికి వందేళ్లు కూడా కాలేదు. ఆ రాజుగారి కొలువులో ఒక వీరుడు, మోమిరాయ్ దొర, పేరు గొద్‌ఫ్రువా. ఇంగ్లీషువాళ్ల బారి నుంచి రాజు ప్రాణం కాపాడితే, రాజు మెచ్చి ఫ్రెనెగోంద్ అనే పిల్లతో పెళ్లి ఖాయం చేస్తాడు. పెళ్లికూతురి దగ్గరికి బయలుదేరిన దొరకు దారిలో ఒక మంత్రగత్తె మందు పెడుతుంది. ఆ మత్తులో కాబోయే మామగారు ఆయన కంటికి ఎలుగుబంటిలా కనిపిస్తాడు. బాణం వేస్తాడు. మామ పోయాడు, పెళ్లి ఆగింది.

ఇప్పుడేం చెయ్యాలి? ఒక ముసలి మాంత్రికుడున్నాడు. బాణం వదలడానికి ముందు క్షణానికి చేర్చే కషాయం కాచి ఇస్తానంటాడు. కాచాడు, దొరా తాగాడు, బంటూ తాగాడు. తాగాక గుర్తొచ్చింది ముసలాయనకు, అందులో కౌజు పిట్ట గుడ్లు వెయ్యడం మరిచిపోయానని! వెనక్కి పోవలసినవాళ్లు ముందుకు పోయారు. కళ్లు తెరిస్తే 1992. ఎనిమిది వందల అరవై తొమ్మిదేళ్ల దూరం. తప్పంతా గుడ్లది. ఇందులో యంత్రాలూ లేవు, మెరిసే మీటలూ లేవు. వంటలో ఉప్పు మరిచినట్టు జరిగిన పొరపాటే ఇక్కడ కాలయంత్రం. మా పెద్దమ్మ దీన్ని ఏ అనుమానమూ లేకుండా ఒప్పుకుంది. కషాయాల్లో అలాంటివి జరుగుతుంటాయట.

దొరగా వేసింది జాన్ రెనో. నిలువెత్తు మనిషి, గంభీరమైన ముఖం. సినిమా మొత్తంలో ఆయన ఒక్కసారి కూడా తను హాస్య చిత్రంలో ఉన్నట్టు కనబడడు. అదే ఆయన గొప్పతనం. బంటుగా వేసింది రచయితల్లో ఒకడైన క్లావియే. ఆ బంటు పేరు జాకూయ్ లా ఫ్రిపూయ్. ఫ్రిపూయ్ అంటే తుంటరి, వెధవాయి అని. మొదటి పేరులో ఒక బూతుమాట పలుకుతుంది. అది నేను రేడియోలో విప్పి చెప్పను.

వీళ్లు మాట్లాడే భాష గురించి ఒక్క మాట. నిజంగా పన్నెండో శతాబ్దపు ఫ్రెంచి మాట్లాడితే ఇవాళ్టి ఫ్రెంచివాడికి ఒక్క ముక్క అర్థం కాదు. అందుకని రచయితలు ఒక దొంగ పాతభాష తయారుచేశారు. కొన్ని పాత తిట్లు, కొన్ని పాత సంబోధనలు, మిగతాదంతా చెవికి పాతగా వినిపించే కల్పన. మనకు ఇది కొత్తేం కాదు. 'యమగోల'లో కైకాల సత్యనారాయణగారు మాట్లాడింది నన్నయ భాషా కాదు, తిక్కన భాషా కాదు. అది నాటకాల సమాజాల్లో పుట్టి సినిమాలో పెరిగిన యమలోకపు తెలుగు. 'యమలీల'లో అదే భాషతో ఐస్‌క్రీమును హిమక్రీము అని పిలిచేసరికి హాలు హాలంతా పడిపడి నవ్వింది. అసలు మన సినిమాలో ఈ మధ్యయుగపు అతిథి పాత్ర యముడిదే. 'ఆదిత్య 369'లో మనవాళ్లు కాలయంత్రమెక్కి రాయలవారి కొలువుకు వెళ్లారు. రాయలు మాత్రం హైదరాబాదు రాలేదు. వచ్చేవాడు యముడే. పక్కన చిట్టా పట్టుకుని చిత్రగుప్తుడు. దొర, బంటు. జోడీ కూడా సరిగ్గా సరిపోయింది. తేడా ఒక్కటే. నేను చూసిన ఏ సినిమాలోనూ చిత్రగుప్తుడు, నేనిక రాను ప్రభూ, ఇక్కడే ఏదైనా అకౌంటెంటుగా చేరిపోతానని అనలేదు.

సరే, 1992లో దిగారు. పొలాల మధ్య తారురోడ్డు, దాని మీద పసుపుపచ్చని తపాలా బండి. దాన్ని దెయ్యాల రథమనుకుని కత్తీ గదా పట్టుకుని ఇద్దరూ మీద పడి తుక్కు చేస్తారు. బండి తోలేవాడు నల్లజాతి పోస్టుమన్ను. అతణ్ణి చూసి జాకూయ్ శత్రు సైనికుడనుకుని కేకలు పెడతాడు. వెక్కిరింత పన్నెండో శతాబ్దపు మూఢత్వం మీదేనని సర్దిచెప్పుకోవచ్చు. అయినా ఇవాళ చూస్తే అది పంటి కింద రాయిలా తగులుతుంది. దర్శకుడు ఆ రాయి ఏరలేదు.

తరవాత వాసన. వీళ్లిద్దరూ పుట్టి బుద్ధెరిగి స్నానం చేసిన పాపాన పోలేదు. సినిమా వాసన చూపించలేదు, రేడియో అసలే చూపించలేదు. కానీ ఎదుటివాళ్ల ముక్కుపుటాల మీద, కారు అద్దాలు దించే కంగారు మీద, పొయిరే ఆ కంపును మన దాకా తీసుకొస్తాడు. చివరికి స్నానానికి పంపితే నీళ్లతొట్టిలో ఇంటావిడ ఖరీదైన అత్తరు సీసాలకు సీసాలే ఒంపేస్తారు.

ఆ ఇంటావిడే బెయాత్రిస్. మోమిరాయ్ వంశంలో ఇప్పుడు మిగిలిన మనిషి. పళ్ల డాక్టరు జాన్-పియెర్‌ను పెళ్లాడి మామూలు ఇంట్లో ఉంటోంది. గొద్‌ఫ్రువాను చూసి, ఎప్పుడో తప్పిపోయిన తన దాయాది హ్యూబెర్ మతి పోగొట్టుకుని తిరిగొచ్చాడని అనుకుంటుంది. దొరకేమో ఆమెలో తను మనువాడబోయే ఫ్రెనెగోంద్ కనబడుతుంది. రెండు పాత్రలూ వేసింది వలెరీ లమెర్సియే. పాత జమీందారీ కుటుంబాల ఆడవాళ్లు ముక్కుతో పలికే ఒక రకం ఫ్రెంచిని ఆమె ఎంత ముద్దుగా పట్టిందంటే, 1994లో సెజార్ అవార్డుల్లో ఉత్తమ సహాయనటి బహుమతి ఆమెకే వచ్చింది. ఆ చిత్రానికి దక్కిన ఒకే ఒక్క సెజార్ అది.

ఇక్కడ కాసేపు ఆగుతాను. ఎందుకంటే సినిమా మొత్తంలో నాకు ఇష్టమైన ఘట్టం ఆ ఇంట్లోనే ఉంది. అది అరనిమిషం కూడా ఉండదు. జాకూయ్ గోడ మీద స్విచ్చి చూస్తాడు. నొక్కుతాడు. దీపం వెలుగుతుంది. పగలు, అంటాడు. మళ్లీ నొక్కుతాడు. రాత్రి, అంటాడు. టిక్కు, పగలు. టిక్కు, రాత్రి. ఆపడు. పసిపిల్లాడిలా, పిచ్చివాడిలా, దేవుడిలా నొక్కుతూనే ఉంటాడు. ఫ్రాన్సులో ఒక తరం పిల్లలు ఇళ్లలో ఇదే ఆట ఆడి తిట్లు తిన్నారు.

1123లో వెలుతురు ఉచితం కాదు. తేనెమైనపు కొవ్వొత్తి చర్చికి, దొరల భోజనశాలకు. పేదవాడికి పశువుల కొవ్వులో ముంచిన ఒత్తి, అది కంపు కొడుతూ ఎంతసేపు వెలిగితే అంతసేపు. లేదంటే పొయ్యిలో నిప్పు, అదీ లేదంటే చీకటి. పొద్దుగూకితే బంటు బతుకు ఆగిపోతుంది. అలాంటివాడి వేలి కొసకు పగలూ రాత్రీ వచ్చాయి. పక్కనే దొర ఉన్నాడు. ఆయనకు దీపం మీద ఏ ఆసక్తీ లేదు. ఆయనకెప్పుడూ దీపాలు వెలిగించేవాళ్లుండేవారు మరి.

మా పెద్దమ్మకు ఈ ఘట్టానికి నా అనువాదం అక్కర్లేకపోయింది. కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. నవ్వి, చెంగుతో తుడుచుకుని, మా ఊళ్లో కరెంటొచ్చిన రోజు చెప్పుకొచ్చింది. వీధి వసారాలో ఒకటే బల్బు. స్విచ్చి మీద మా తాతగారు తప్ప ఇంకెవరూ చెయ్యి వెయ్యకూడదు. పొద్దుగూకగానే ఆయన కాళ్లు కడుక్కుని వచ్చి వేసేవారట. అందరూ బల్బుకు దణ్ణం పెట్టాలి. మళ్లీ ఆయనే తియ్యాలి. "మీ తాత పొరుగూరు వెళ్లిన రోజు మేం చీకట్లోనే కూర్చునేవాళ్లం" అంది. "ఒకనాడు పాలేరు గోవులకు గడ్డి వేసి వస్తూ ఆ స్విచ్చి నొక్కాడు. ఏం జరిగిందో తెలుసా?" అని ఆగింది. ఏం జరిగిందని నేనడిగాను. "దీపం వెలిగింది. అంతే" అంది.

ఆ మాట విన్నాకే ఈ సినిమా నాకు సరిగ్గా అర్థమైంది.

చూడండి. కాలం దాటి వచ్చిన ఈ ఇద్దరి మీదా మనం నవ్వుతూనే ఉంటాం, కానీ ఇద్దరూ ఒకే లోకంలో దిగలేదు. దొరకు 1992 అంటే దోపిడి. కోట పోయింది, గుర్రం పోయింది, కత్తి పట్టుకుంటే పోలీసులు పట్టుకుంటున్నారు, పేరు చెబితే పిచ్చాసుపత్రికి తీసుకుపోతున్నారు. బంటుకు అదే 1992 తిరునాళ్ల. భోజనాల దగ్గర చూడండి. దొర బల్ల దగ్గర కూర్చుంటాడు, జాకూయ్ నేల మీద. పైనుంచి దొర ముక్కలు విసిరితే వాడు అందుకుని తింటాడు. బెయాత్రిస్ నిర్ఘాంతపోయి, మీరూ పైన కూర్చోండి అంటుంది. ఇద్దరికీ ఆ మాట తప్పుగా వినిపిస్తుంది. మొదట ఇద్దరికీ. తరవాత తరవాత ఒక్కరికే.

జాకూయ్‌కి కనువిప్పు కలిగించే గురువు జినెట్. రోడ్డు మీద తిరిగే దిక్కులేని మనిషి, నోరు మహా పెద్దది. మరీ-ఆన్ షజెల్ వేసింది. ఆమె దగ్గరే వాడు ఓకే అనే మాట నేర్చుకుంటాడు. ఆ మాటను లాగి లాగి, ఓకే...య్ అని వాడు పలికే తీరు ఫ్రెంచి బడుల్లో అంటువ్యాధిలా పాకింది. ఆ ఒక్క మాటా రాగానే వాడి నడక మారుతుంది. దొర ఒక్క కొత్త మాటా నేర్చుకోడు. అవసరం ఎవరికుంటే వాడే నేర్చుకుంటాడు.

రాజులు పోయారని, బానిసత్వం పోయిందని, విప్లవం వచ్చి అందరూ సమానమయ్యారని వీళ్లకు తెలిసే సందర్భం ఒకటుంది. 1123కీ 1992కీ మధ్య ఈ సినిమా దూకేసిన గుంట అదే, 1789. ఆ ఏడు ఆగస్టు 4 రాత్రి పారిస్ దగ్గర వెర్సాయ్‌లో జాతీయ సభ కూర్చుని, దొరల హక్కులు రద్దు చేస్తున్నామని తీర్మానించింది. గొద్‌ఫ్రువా ముఖంలో నెత్తురు చుక్క ఉండదు. జాకూయ్ ముఖం వెలిగిపోతుంది. గోడ మీద స్విచ్చి నొక్కినప్పటి ముఖమే అది. ఫ్రెంచివాళ్లు కోటీ ముప్పై ఏడు లక్షల సార్లు డబ్బిచ్చి వెళ్లింది ఆ ముఖం కోసమని నాకు అనిపిస్తుంది. రెండు వందల ఏళ్లుగా ఆ దేశం తనలో తాను వాదించుకుంటున్న సంగతి అది. సినిమా అంత గోలలోనూ దాన్ని నొప్పి తెలియకుండా గోకింది.

మోమిరాయ్ కోట ఏమైంది? హోటలైంది. మన దగ్గర పాత జమీందారు మేడలు ఫంక్షన్ హాళ్లయినట్టే. దాని యజమాని ఎవరు? జాక్-హెన్రీ జాకార్ అనే నాజూకు పెద్దమనిషి. ఎవరు ఈ జాకార్? జాకూయ్ వంశస్థుడు! తాతముత్తాతల పేరులో బూతు పలుకుతోందని సిగ్గుపడి పేరు మార్చుకున్నవాడు. ఈయనను కూడా క్లావియే వేశాడు, ద్విపాత్రాభినయం. ఒకే చట్రంలో ముందుతరం, ఎనిమిది వందల ఏళ్ల తరవాతి తరం. మనవడు ముక్కు మూసుకుని, ఈ వెధవను నా కోటలోంచి గెంటండి అంటుంటాడు. దొర పోయాడు గానీ దొరతనం ఎక్కడికీ పోలేదు, ఇల్లు మారిందంతే.

కోట బయటి దృశ్యాలు తీసింది పారిస్‌కు ఉత్తరాన ఉన్న ఎర్మెనోన్‌విల్‌లో. ఆ ఎస్టేటులోనే 1778 జులై 2న ఝాన్ ఝాక్ రూసో కన్నుమూశాడు. మనిషి స్వేచ్ఛగా పుట్టాడని రాసి, విప్లవకారులకు వేదంలాంటి పుస్తకం ఇచ్చిన రూసో, ఒక మార్క్విస్ గారి ఆతిథ్యంలో అక్కడ ఉంటూ పోయాడు. సినిమా బయట కూడా ఆ భవనం హోటలైంది. ఇంత చక్కగా కుదిరింది దర్శకుడు తెలిసి ఎంచుకోవడం వల్లనో, కెమెరాకు బాగుండడం వల్లనో. ఏదైనా నాకిష్టమే.

ఒక చిన్న తమాషా కూడా చెప్పాలి. దొర వేలికి వంశపు ఉంగరం ఉంది. అదే ఉంగరం 1992లో కోటలో భద్రంగా ఉంది. ఒకే వస్తువు ఒకే కాలంలో రెండు చోట్ల ఎలా ఉంటుంది? ఉండలేదు. దగ్గరికి వచ్చేకొద్దీ పాత ఉంగరం కాలి, పొగలు కక్కి, జాకార్ గారి ఖరీదైన కారును కూడా పేల్చేస్తుంది. ఉంగరానికి ఈ నియమం పెట్టినవాళ్లు, ఒకే రక్తపు ఇద్దరు మనుషులకు కూడా దాదాపు అదే పెట్టారు. జాకూయ్, జాకార్ ఒక చోట ఇమడలేరు. ఒకరు పోవాలి.

దీని తరవాత వచ్చినవాటి గురించి క్లుప్తంగా చెప్పేస్తాను. 1998లో రెండో భాగం వచ్చింది. లమెర్సియే చెయ్యనంటే ఆ పాత్రలోకి మురియెల్ రోబాఁ వచ్చింది. నవ్వులున్నాయి, కానీ వేడి తగ్గింది. 2001లో ఇదే కథను హాలీవుడ్‌కు తీసుకుపోయి షికాగోలో తీశారు. రెనో, క్లావియే ఇద్దరూ ఉన్నారు, దర్శకుడూ ఆయనే, పేరు మాత్రం జాన్-మరీ గోబేర్ అని వేసుకున్నాడు. ఆడలేదు. ఎలా ఆడుతుంది? షికాగోలో దొరకు పోగొట్టుకోవడానికి సొంత కోట లేదు, బంటుకు వారసుడు లేడు. 2016లో మూడో ఫ్రెంచి భాగం, ఈసారి సరిగ్గా ఆ గుంటలోకే, విప్లవపు రోజుల్లోకే దిగారు. అదీ అంతంతమాత్రమే. దూకేసినప్పుడు నవ్వొచ్చిన గుంటలో కూర్చుంటే నవ్వు రాలేదు.

మళ్లీ మొదటి సినిమాకే వస్తాను. మాంత్రికుడి వంశంలో మిగిలిన ఒకాయన కషాయం సరిగా కాచి ఇస్తాడు, ఈసారి గుడ్లతో సహా. దొర సిద్ధం. జాకూయ్ రానంటాడు. మొదట బతిమాలతాడు, తరవాత తప్పించుకుంటాడు. అప్పుడు చేసిన పనే ఈ సినిమాలో నన్ను ఇప్పటికీ కుదుటపడనివ్వని పని. జాకార్‌ను పట్టుకుని, మత్తు పెట్టి, తన మురికి బట్టలు అతనికి తొడిగి, దొర పక్కన నిలబెట్టి కషాయం తాగిస్తాడు. తను జినెట్‌తో కలిసి కారెక్కి పోతాడు. దొర 1123లో సరిగ్గా ఆ క్షణానికి చేరి, బాణాన్ని పక్కకు తిప్పి, మంత్రగత్తెను కొట్టి, మామను బతికించుకుని, ఫ్రెనెగోంద్‌ను గుర్రమెక్కించుకుంటాడు. జాకార్ బురదలో కళ్లు తెరుస్తాడు. చుట్టూ పళ్లూడిన మనుషులు. తన హోటలూ, తన ఫోనూ ఏవని వెతుకుతాడు. ఇదంతా కల అనుకుంటాడు. దొర వెనక్కి తిరిగి, పదరా బంటూ అన్నట్టు చూస్తాడు. ఆయనకు ముఖం ఒకటే, బట్టలు ఒకటే. లోపల మనిషి మారాడని ఆయనకు అనుమానం కూడా రాదు. ఎప్పుడైనా లోపలికి చూసి ఉంటేగా.

హాళ్లలో ఇక్కడ విరగబడి నవ్వారట. మా పెద్దమ్మ నవ్వలేదు. బంటు వెనక్కి వెళ్లనందుకు ఆమె సంతోషించే ఉంటుందని నేననుకున్నాను, అడిగిందే ఆమె కదా. తెర మీద పేర్లు పడుతున్నా కుర్చీలోంచి లేవలేదు.

"మరి ఈ బురదలోవాణ్ణి ఎవరు తీసుకొస్తార్రా?" అంది.

రెండో భాగం ఉంది పెద్దమ్మా, అన్నాను.

"అయితే అది పెట్టు."